పిండి కొద్దీ రొట్టేనా? పెద్ద ఫుట్‌బాల్ మేనేజర్ల పేరు మీద ఒక తగువు

కంఠీరవ_గ్యాలరీ | బెంగళూరు | శనివారం రాత్రి 11:48

మారతహళ్లిలో ముగ్గురం ఒకే గదిలో ఉంటున్నాం. ఇవాళ వంట నా వంతు. పప్పు దించి పళ్లేలు పెట్టేసరికి మా గుంటూరు మిత్రుడు ఒక మాట అన్నాడు. దాంతో పప్పు చల్లారింది, అన్నం గట్టిపడింది. ఆ మాట ఇది: "ఆంచెలొట్టి గొప్పేమిటి? రియల్ మాడ్రిడ్‌కు మా మామయ్యను పంపినా కప్పు తెస్తాడు."

నేను ఊరుకోలేదు. ఆంచెలొట్టి అంటే ఇటలీ ఫుట్‌బాల్ మేనేజర్, జట్టుకు కోచ్ అన్నమాట. మిలాన్‌తో 2003, 2007లోనూ, మాడ్రిడ్‌తో 2014, 2022, 2024లోనూ యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ గెలిచిన మనిషి అని చెప్పాను. ఇటలీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ లీగులు ఐదూ గెలిచిన మేనేజర్ ఇంకొకడు లేడని చెప్పాను. వాడు అంతా విని, ముద్ద కలుపుకుంటూ, "మరి ఎవర్టన్‌లో?" అన్నాడు. ఆయన చేతిలో ఆ ఇంగ్లండ్ క్లబ్బుకు 2020-21లో పదో స్థానం. నాకు మాట పెగల్లేదు.

నిద్ర పట్టక ఇక్కడికి వచ్చాను. నా పట్టిక ఇది. పేరుకు తగ్గవాళ్లు: ఫెర్గూసన్, గార్డియోలా, బ్రయన్ క్లఫ్. పేరు కన్నా మనిషే పెద్ద: ఆర్సెనల్‌ను నడిపిన వెంగర్. చివరి పదేళ్లు చూసి జనం మొదటి పదేళ్లు మరిచిపోయారు. సగం పని, సగం ప్రచారం: మౌరీన్యో. ఎటూ తేలనివాళ్లు: ఆంచెలొట్టి, జిదాన్. తిట్టదలచుకున్నవాళ్లు తిట్టండి, కానీ కారణం చెప్పి తిట్టండి.

ఒక్క_లైను | శనివారం రాత్రి 11:55

ఆ మామయ్యగారి ఫోను నంబరు ఇప్పించండి, మా క్లబ్బుకు అవసరం ఉంది.

లెక్కల_మాస్టారు | బెంగళూరు | ఆదివారం ఉదయం 6:20

పేరు చూసి మాస్టారిననుకోకండి, ఆడిట్ చేసే ఉద్యోగం నాది. అందుకే మేనేజర్ మొహం చూడటం కన్నా ముందు క్లబ్బు జమాఖర్చులు చూస్తాను. ఆటగాళ్లకు ఏ క్లబ్బు ఎంత జీతం ఇస్తోందో వరుసగా రాసి, పక్కన ఆఖరి పట్టిక పెట్టండి. పదేళ్ల సగటు తీస్తే రెండూ దాదాపు ఒకే వరుసలో నడుస్తాయి. దీన్ని ఆర్థికవేత్తలు ఎప్పుడో చూపించారు. పిండి కొద్దీ రొట్టె.

కాబట్టి నా ప్రశ్న ఒకటే: ఇచ్చిన పిండికి రావలసిన రొట్టె కన్నా ఎక్కువ వచ్చిందా?

ఈ కొలతకు గార్డియోలా ఎందుకో పూర్తిగా నిలబడడు. బార్సిలోనాలో అకాడమీ అప్పటికే మెస్సీని, షావిని, ఇనియెస్టాను తయారు చేసి పెట్టింది. జర్మనీలో బయర్న్‌కు వెళ్లేసరికి ఆ జట్టు 2013లో మూడు కప్పులూ గెలిచి కూర్చుంది. మాంచెస్టర్ సిటీ సంగతి చెప్పనక్కరలేదు. ఆర్థిక నిబంధనలు ఉల్లంఘించారని 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ వందకు పైగా ఆరోపణలు మోపింది, క్లబ్బు కాదంది. అవి ఎటు తేలినా, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఆటగాళ్లను కొన్నది నిజమే కదా.

ఫెర్గూసన్‌కు మాత్రం నేను లేచి నిలబడి నమస్కారం పెడతాను. మాంచెస్టర్ యునైటెడ్ గురించి కాదు. స్కాట్లండ్‌లో అబర్డీన్ గురించి. సెల్టిక్, రేంజర్స్ అనే రెండు కొండల మధ్య నుంచి మూడు లీగులు లాక్కొచ్చాడు. 1983లో యూరప్ కప్ విన్నర్స్ కప్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ను 2-1తో ఓడించాడు. 1985లో అబర్డీన్ గెలిచాక నలభై ఏళ్లపాటు స్కాట్లండ్ లీగ్ ఆ రెండు క్లబ్బులు దాటి బయటకు పోలేదు. రావలసిన రొట్టె కన్నా ఎక్కువ అంటే అది.

వైట్‌ఫీల్డ్_మాడ్రిడ్ | బెంగళూరు | ఆదివారం ఉదయం 9:05

మాస్టారూ, పిండి ఉంటే రొట్టె దానంతట అదే కాలుతుందా? మాడేవాళ్లు లేరా? 2012-13లో యునైటెడ్ 89 పాయింట్లతో ఛాంపియన్. ఫెర్గూసన్ వెళ్లిపోయాడు, ఆటగాళ్లు దాదాపు వాళ్లే, మరుసటి ఏడు 64 పాయింట్లతో ఏడో స్థానం. ఆయన స్థానంలో వచ్చిన మోయెస్‌కు సీజను పూర్తయ్యేదాకా కూడా ఉద్యోగం మిగల్లేదు. 2021 జనవరిలో కోచ్ లాంపార్డ్‌ను తీసేసి టుకెల్‌ను తెచ్చినప్పుడు చెల్సీ లీగులో తొమ్మిదో స్థానంలో ఉంది. అదే ఆటగాళ్లతో మే నెలకు ఛాంపియన్స్ లీగ్ గెలిచారు. జీతాల బిల్లు జనవరికీ మేకీ మధ్య మారిందా?

ఇక ఆంచెలొట్టి. ఆయన గొప్పతనం గట్టిగా అరవకపోవడంలో ఉంది కాబట్టి ఎవరికీ కనిపించదు. 1997లో పార్మాలో ఉన్నప్పుడు తన 4-4-2లో ఇమడడని రోబర్టో బాజియోను వద్దన్నాడు. ఆ పని తప్పని తర్వాత తనే ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి పద్ధతి కోసం మనిషిని వదులుకోలేదు, మనిషి కోసం పద్ధతి మార్చుకున్నాడు. పిర్లోను రక్షణ ముందు కూర్చోబెట్టి ఆట నడిపించాడు. 2013-14లో డి మరియాను పక్క నుంచి తీసి మిడ్‌ఫీల్డులో వేశాడు. ఆ ఏటి ఛాంపియన్స్ లీగ్ లిస్బన్ ఫైనల్లో మైదానం అంతటా పరుగెత్తింది ఆ డి మరియానే. మీ మామయ్యగారు ఇది చేస్తారా?

కంఠీరవ_గ్యాలరీ | ఆదివారం ఉదయం 9:30

మామయ్య నా వాడు కాదండీ, నా మిత్రుడి వాడు. ఒక చిన్న సవరణ: పిర్లోను వెనక్కి దించి ఆడించింది మొదట బ్రెషియాలో మజ్జోనే. ఆంచెలొట్టి దాన్ని మిలాన్‌లో స్థిరం చేశాడు.

వైట్‌ఫీల్డ్_మాడ్రిడ్ | ఆదివారం ఉదయం 9:34

ఒప్పుకుంటాను. అయితే పక్కవాడి దగ్గర మంచి చూసి తెచ్చుకోవడం కూడా పనితనమే.

పెరంబూర్_ప్లాట్‌ఫారం | చెన్నై | ఆదివారం మధ్యాహ్నం 1:15

కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడని మా నాయనమ్మ అనేది. ఈ వేదికలో ఇంతవరకు ఎవరూ ఆ కొడుకు గురించి మాట్లాడలేదు.

2004 మార్చి, ఛాంపియన్స్ లీగ్, యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్. పోర్టో మీద యునైటెడ్ 1-0 ఆధిక్యంలో ఉంది. స్కోల్స్ ఇంకో గోలు కొట్టాడు, లైన్స్‌మన్ జెండా ఎత్తాడు. ఆఫ్‌సైడ్ కాదు, రీప్లేలో చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. ఆట ఆఖర్లో ఒక ఫ్రీకిక్, గోల్‌కీపర్ హోవర్డ్ చేతుల్లోంచి జారింది, కోస్టిన్యా తోశాడు. పోర్టో కోచ్ మౌరీన్యో కోటు ఎగురుతుండగా గీత వెంట పరుగెత్తాడు. ఆ పరుగే ఆయన పోస్టరు. పోర్టో ఆ ఏడాది కప్పు గెలిచింది, వేసవిలో ఆయన చెల్సీకి వెళ్లాడు. ఆ జెండా లేవకపోతే ఇవాళ మన పట్టికలో ఆయన పేరు ఎక్కడ ఉండేది?

2014 లిస్బన్. మాడ్రిడ్ మీద అట్లెటికో 1-0 ఆధిక్యంతో తొంభై నిమిషాలు దాటేసింది. అదనపు సమయం మూడో నిమిషంలో కార్నర్, రామోస్ తల. ఆ బంతి పోస్టుకు తగిలి ఉంటే అట్లెటికో కోచ్ సిమియోనే యూరప్ ఛాంపియన్, ఆంచెలొట్టి మాడ్రిడ్ పదో కప్పును చేజార్చినవాడు. 2016లో మళ్లీ అదే రెండు జట్లు, పెనాల్టీల్లో హువాన్‌ఫ్రాన్ కొట్టింది పోస్టుకు తగిలింది. మాడ్రిడ్ కోచ్‌గా జిదాన్ మొదటి కప్పు అలా వచ్చింది. సిమియోనే ఆ రెండు రాత్రులూ మైదానంలో చేయవలసిందంతా చేశాడు. పేరు మాత్రం అవతలి వాళ్లకు పోయింది.

అలాగని ఆంచెలొట్టిని నక్కతోక తొక్కినవాడని తీసిపారేయను. 2005 ఇస్తాంబుల్ ఫైనల్లో, మిలాన్ కోచ్‌గా, సగం ఆటకు 3-0 ఆధిక్యంలో ఉండి లివర్‌పూల్‌కు కప్పు అప్పగించింది కూడా ఆయనే. అదృష్టం ఆయన దగ్గర అప్పూ తీసుకుంది, వడ్డీతో తీర్చింది.

పనిలో పని, బెంగళూరు వారికి ఒక జ్ఞాపకం. 2018 మార్చి 17.

కంఠీరవ_గ్యాలరీ | ఆదివారం మధ్యాహ్నం 1:40

పెరంబూర్ అన్నా, ఆ తేదీ ఎత్తకూడదు. నేను అక్కడే ఉన్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. అది ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్, మా బెంగళూరు జట్టుకూ చెన్నై జట్టు చెన్నైయిన్‌కూ మధ్య, మా కంఠీరవ స్టేడియంలో. కంఠీరవలో మైదానానికీ మనకూ మధ్య పరుగుపందేల ట్రాక్ ఉంటుంది. ఎంత ముందు వరుసలో కూర్చున్నా ఆటగాళ్లు అరచేతి అంతే కనిపిస్తారు, కోచ్ మాట ఒక్కటీ వినపడదు. ఆ ఏడు లీగు దశలో మాది మొదటి స్థానం, చెన్నైయిన్‌ది రెండో స్థానం. తొమ్మిదో నిమిషంలో ఛెత్రి తలతో గోలు కొట్టాడు, గ్యాలరీ మొత్తం లేచింది. అప్పుడు ఒక కార్నర్, మైల్సన్ ఆల్వెస్ తల, గోలు. సగం ఆటకు ముందు ఇంకో కార్నర్, మళ్లీ అదే ఆల్వెస్, అదే తల, గోలు. మొదటిది అయితే పోనీ అనుకుంటాం. రెండోసారి బంతి గాలిలో ఉండగానే నా పక్క సీటాయన "అదే మనిషి, అదే మనిషి" అని కన్నడంలో అరిచాడు. టికెట్ కొన్న వాడికి కనబడింది, మైదానంలో ఉన్న పదకొండు మందికీ కనబడలేదు. 3-2తో పోయాం.

ఆ రాత్రి మా కోచ్ ఆల్బర్ట్ రోకా తెలివితక్కువవాడు, చెన్నై కోచ్ జాన్ గ్రెగరీ మేధావి. మరుసటి సీజను అదే గ్రెగరీతో చెన్నైయిన్ పట్టికలో అట్టడుగు. రోకా దగ్గర సహాయకుడిగా ఉన్న కార్లెస్ క్వాద్రాత్ మా కోచ్ అయ్యి కప్పు తెచ్చాడు, ఫైనల్లో గోవా మీద రాహుల్ భేకే గోలుతో. అది కూడా కార్నర్ నుంచి వచ్చిన తలగోలే. ఇప్పుడు చెప్పండి, మేధావి ఎవరు?

పెరంబూర్_ప్లాట్‌ఫారం | ఆదివారం మధ్యాహ్నం 1:52

కప్పు మా దగ్గర ఉంది తమ్ముడూ. మేధావిని మీరు ఉంచుకోండి.

ఒక్క_లైను | ఆదివారం మధ్యాహ్నం 1:53

చెన్నై ఎండకు బెంగళూరు కాలింది.

ఆదివారం_కోచ్ | బెంగళూరు, ఆస్టిన్ టౌన్ దగ్గర | ఆదివారం రాత్రి 8:10

పదమూడేళ్ల లోపు పిల్లలకు వారంలో రెండు సాయంత్రాలు ఆట నేర్పుతాను, ఆదివారం మ్యాచ్ ఉంటుంది. జీతం గురించి అడగకండి. మీరంతా పైనుంచి చూస్తున్నారు, నేను కింద నుంచి ఒక సంగతి చెబుతాను.

నా దగ్గర ఎడమ పక్క రక్షణలో ఆడే పిల్లవాడు ఒకడున్నాడు. బంతి వస్తే చాలు, మొహం సొంత గోలు వైపు తిప్పి వెనక్కి తన్నేవాడు. వాడి వెనుక ఎవరూ లేకపోయినా అంతే. అది భయం. "ముందుకు తిరగరా" అని గీత మీద నిలబడి ఎంత అరిచినా లాభం లేదని నాకు రెండు నెలలకు తెలిసింది. మూడు వారాలు ఒక్క పనే చేయించాను. బంతి వాడి వైపు వస్తుండగా నేను వాడి వెనక నిలబడి వేళ్లు చూపిస్తాను. బంతి కాలికి తగిలేలోపు ఎన్ని వేళ్లో చెప్పాలి. మొదటి వారం బంతి పోయేది, లెక్కా తప్పేది. రెండో వారం లెక్క కుదిరింది, బంతి పోయేది. మూడో వారం రెండూ కుదిరాయి.

ఇవాళ మ్యాచ్‌లో వాడు మూడుసార్లు భుజం మీదుగా చూసి ముందుకు తిరిగాడు. మేం 4-0తో ఓడిపోయాం. కంచె దగ్గర ఒక తండ్రి నన్ను పట్టుకుని, "సర్, అసలు మీరు ఏమి నేర్పుతున్నారు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ మూడు మలుపులు స్కోరులో లేవు.

కాబట్టి పెద్ద మేనేజర్లను నేను కప్పులతో కొలవను. వాడి చేతిలోకి వెళ్లిన ఆటగాడు వెళ్లకముందు ఎట్లా ఉన్నాడు, తర్వాత ఎట్లా ఉన్నాడు? హెన్రీ 1999లో యువెంటస్ నుంచి ఆర్సెనల్‌కు వచ్చేసరికి పక్క గీత వెంట పరుగెత్తేవాడు. వెంగర్ వాడిని మధ్యలోకి తెచ్చాడు. 228 గోల్స్ కొట్టి ఆర్సెనల్ చరిత్రలో మొదటివాడయ్యాడు. మాస్టారూ, గార్డియోలాకు మెస్సీ రెడీగా దొరికాడన్నారు. దొరికాడు. కానీ 2009 మేలో మాడ్రిడ్ మైదానంలో వాడిని పక్క నుంచి తీసి మధ్యలో, డిఫెండర్లకు అందనంత దూరంలో నిలబెట్టింది ఎవరు? ఎవరిని పట్టుకోవాలో మాడ్రిడ్ రక్షణకు తోచలేదు. స్కోరు 6-2. బయర్న్‌లో లామ్‌ను మిడ్‌ఫీల్డుకు, సిటీలో స్టోన్స్‌ను రక్షణ నుంచి ముందుకు జరిపింది కూడా డబ్బు కాదు. డబ్బు ఆటగాడిని కొంటుంది, వాడు ఎక్కడ నిలబడాలో చెప్పదు.

ఇదే కొలతతో మౌరీన్యోకు మార్కులు తగ్గిస్తాను. డె బ్రాయ్‌నా, సలా ఇద్దరూ ఆయన చెల్సీలో బెంచీ మీద కూర్చుని వెళ్లిపోయినవాళ్లే. తర్వాత ఏమయ్యారో అందరికీ తెలుసు.

లెక్కల_మాస్టారు | ఆదివారం రాత్రి 9:00

కోచ్ గారూ, ఈ వేదికలో చాలా రోజులకు ఒక మంచి టపా చదివాను. గార్డియోలా విషయంలో సగం మెట్టు దిగుతున్నాను. పూర్తిగా దిగను. ఆయన అబర్డీన్ లాంటి చోట ఒక్క సీజను కూడా పనిచేయలేదు. అది ఆయన తప్పు కాదు, నా అనుమానం మాత్రం అలాగే ఉంది.

అయితే మీరందరూ వాడుతున్న ఒక పరీక్ష మీద నాకు అభ్యంతరం ఉంది. మనిషి వెళ్లిపోయాక ఏమైందో చూడాలంటున్నారు. ఫెర్గూసన్ వెళ్లాడు, జట్టు కూలింది, "చూశారా, ఎంత గొప్పవాడో" అన్నాం. లివర్‌పూల్ నుంచి క్లోప్ 2024లో వెళ్లాడు. కొత్త కోచ్‌గా స్లాట్ వచ్చాడు, ఆ సీజనుకు కొత్తగా జట్టులో చేరింది ఒక్క కియేసానే, అతను ఆడింది కూడా చాలా తక్కువ. లివర్‌పూల్ 2024-25 లీగ్ గెలిచింది. అప్పుడేమన్నాం? "చూశారా, క్లోప్ ఎంత మంచి జట్టును కట్టి వెళ్లాడో." కూలినా మనవాడే గొప్ప, నిలిచినా మనవాడే గొప్ప. మా ఆఫీసులో ఇలాంటి లెక్క రాస్తే నా సంతకం చెల్లదు.

వైట్‌ఫీల్డ్_మాడ్రిడ్ | ఆదివారం రాత్రి 9:20

ఇది నిజంగా చిక్కు ప్రశ్న. నాకు తోచింది చెబుతాను. మోయెస్ వస్తూనే ఫెర్గూసన్ సహాయకులను పంపించేశాడు. ఫీలన్, మ్యూలెన్‌స్టీన్ ఇద్దరూ వెళ్లిపోయారు. అంటే మనం ఫెర్గూసన్ అని పిలుస్తున్నది ఒక్క మనిషిని కాదేమో. కిడ్, మెక్లారెన్, కెయిరోష్... మైదానంలో రోజువారీ సాధన చాలా కాలం వాళ్లే నడిపారు. ఆయన గొప్పతనం సరైన సహాయకుడిని పట్టుకోవడంలోనూ, వాడు వెళ్లిపోతే ఇంకొకడిని తెచ్చుకోవడంలోనూ ఉంది.

క్లఫ్‌ను చూడండి. రెండో డివిజన్ నుంచి 1977లో పైకి వచ్చిన నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌ను 1978లో ఇంగ్లండ్ ఛాంపియన్‌ను చేసి, 1979, 1980లో యూరోపియన్ కప్పు రెండుసార్లు గెలిపించాడు. ఇది అబర్డీన్ కన్నా పెద్ద వింత. కానీ పక్కన పీటర్ టేలర్ ఉన్నాడు, ఆటగాళ్లను ఏరుకొచ్చే కన్ను ఆయనది. టేలర్ లేకుండా క్లఫ్ లీడ్స్‌లో 1974లో నిలిచింది 44 రోజులు. టేలర్ ఫారెస్ట్‌ను వదిలాక క్లఫ్‌కు లీగ్ కప్పులు వచ్చాయి, లీగ్ మళ్లీ రాలేదు. ఇద్దరు పండించిన పొలానికి పట్టా ఒకరి పేరునే ఉంది.

ఒక్క_లైను | ఆదివారం రాత్రి 9:22

రెండో వాడి పేరు ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే.

పాత_సికింద్రాబాద్ | ప్రస్తుతం బెంగళూరు | సోమవారం ఉదయం 5:40

నాయనలారా, అమ్మాయి దగ్గర కె.ఆర్.పురంలో ఉంటున్నాను. తెల్లవారుజామున నిద్ర ఉండదు, మీ రాతలన్నీ చదివాను. యూరప్ అంతా తిరిగారు, ఇంటి గుమ్మంలో ఉన్న మనిషిని ఎవరూ తలచుకోలేదు.

సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు మనిషి, వృత్తి బడిపంతులు. రహీం సాబ్ అనే పిలిచేవాళ్లు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. నేను అప్పటికి చిన్నవాణ్ని, ఇవన్నీ మా నాన్నగారి నోట విన్నవే. కుర్రాళ్లకు బలంలేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారట. ఆ కోచ్ అబ్బాయి వేళ్లు చూపించాడని చదవగానే నాకు అది గుర్తొచ్చింది.

జకార్తా 1962 ఒక్కటి చెబుతాను. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయిలాండ్‌తో ఆటలో మన రక్షణకు మూలస్తంభం జర్నయిల్ సింగ్ తలకు గాయమైంది, కుట్లు పడ్డాయి. రక్షణలో తల ఆనించకుండా ఆడటం కుదరదు. వేరే కోచ్ అయితే బయట కూర్చోబెట్టేవాడు. రహీం సాబ్ ఆయనను సెమీఫైనల్‌కు, ఫైనల్‌కు ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డుగా దింపారు. రెంటిలోనూ గోలు కొట్టాడు. ఫైనల్లో అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం, పి.కె. బెనర్జీ ఒకటి, జర్నయిల్ ఒకటి. స్టేడియం నిండా మనల్ని ఎగతాళి చేసే జనం. అప్పటికే రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. మరుసటి జూన్‌లో పోయారు.

ఆయన పోయాక ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన దేశానికి మళ్లీ రాలేదు. ఆ లెక్కల బాబు పరీక్షకు ఇది నిలుస్తుందా?

లెక్కల_మాస్టారు | సోమవారం ఉదయం 8:15

పెద్దవారు మీరు, నమస్కారం. నిలుస్తుందని చెప్పాలనే ఉంది. కానీ నిజాయితీగా ఒక మాట: ఆ తర్వాత జపాన్, కొరియా, ఇరాన్ తమ ఫుట్‌బాల్‌ను పద్ధతి ప్రకారం నిర్మించుకున్నాయి, మనం ఉన్నచోట ఆగిపోయాం. 1964లో రహీం సాబ్ వారసులతో ఆసియా కప్పులో రెండో స్థానం వచ్చింది కూడా. ఆయన లేకపోవడం ఒక్కటే కారణమని రాయలేను. కానీ గాయపడిన డిఫెండర్‌ను ఫార్వర్డుగా దింపడం ఉంది చూశారా, దానికి లెక్క అక్కరలేదు. ఓడితే పిచ్చి పని అనేవారు. ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నారు.

పాత_సికింద్రాబాద్ | సోమవారం ఉదయం 8:40

బాగా చెప్పావు బాబూ. అన్నీ ఒప్పుకోలేను గాని బాగా చెప్పావు.

పెరంబూర్_ప్లాట్‌ఫారం | సోమవారం మధ్యాహ్నం 12:30

హైదరాబాదు మాట వచ్చింది కాబట్టి మనోలో మార్కెజ్. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీని ఐఎస్‌ఎల్ విజేతను చేశాడు. ఫైనల్లో కేరళ మీద పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. కుర్రాళ్లను ఎదగనిచ్చే కోచ్ అని దేశమంతా పొగిడింది. 2024లో భారత జట్టు అప్పగించారు. ఎనిమిది మ్యాచ్‌లు, ఒకే ఒక్క విజయం, అదీ మాల్దీవుల మీద. 2025లో వెళ్లిపోయాడు. మనిషి ఒక్కడే, ఏడాదిలో బుర్ర కరిగిపోయిందా?

ఆదివారం_కోచ్ | సోమవారం మధ్యాహ్నం 1:05

కరగలేదు. క్లబ్బులో ఏడాదికి రెండు మూడు వందల రోజులు ఆటగాళ్లు నీ ఎదురుగా ఉంటారు. దేశం జట్టుకు వస్తే మ్యాచ్‌కు ముందు కొన్ని రోజులు. నా ఎడమ పక్క పిల్లవాడికి మూడు వారాలు పట్టింది. నాలుగు రోజులిస్తే నేనూ గీత మీద నిలబడి అరిచేవాణ్నే. అవి రెండు వేర్వేరు ఉద్యోగాలు, పేరు మాత్రం రెంటికీ కోచ్.

నీలం_జెండా | సోమవారం సాయంత్రం 6:45

మౌరీన్యోను సగం ప్రచారం అన్నవాళ్లకు సిగ్గుండాలి. 2004-05లో 38 మ్యాచ్‌లలో 15 గోల్స్ మాత్రమే ఇచ్చిన చెల్సీ జట్టు ఆయనది. 2010లో ఇటలీ క్లబ్బు ఇంటర్‌తో మూడు కప్పులు. 2017-18లో యునైటెడ్‌ను రెండో స్థానంలో నిలబెట్టడం తన గొప్ప పనుల్లో ఒకటని ఆయన అంటే అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆ క్లబ్బుకు వచ్చిన వాళ్లను చూశాక ఎవరూ నవ్వడం లేదు. ఈ వేదికలో సగం మందికి ఆట తెలియదు, మిగతా సగానికి చదువు

నిర్వాహకుడు | సోమవారం సాయంత్రం 6:58

పై టపాలో ఆఖరి వాక్యం సగంలో కత్తిరించాను. మౌరీన్యో గురించిన వాక్యాలు బాగున్నాయి కాబట్టి ఉంచాను.

వైట్‌ఫీల్డ్_మాడ్రిడ్ | సోమవారం సాయంత్రం 7:20

నీలం జెండా గారూ, మా మాడ్రిడ్ కూడా ఆయనతో 2011-12లో 100 పాయింట్లు కొట్టింది, ఎవరూ కాదనరు. మరుసటి ఏడు, ఆయన మూడో సీజను, డ్రెస్సింగ్ రూములో ఎవరితో ఎవరు మాట్లాడుతున్నారో తెలియని పరిస్థితి. లీగ్ గెలిచిన ఏడు నెలలకు, 2015 డిసెంబరులో, చెల్సీ ఆయనను పంపించేసరికి పదహారో స్థానం. యునైటెడ్‌లోనూ మూడో సీజను డిసెంబరే. ముట్టించగానే భగ్గుమనే కట్టె, రాత్రంతా కాగదు. దాన్ని తక్కువ చేయడం లేదు, చలికి వెంటనే కావలసింది అదే కావచ్చు. కోచ్ రానియేరి ఇంకో రకం. ఫారో దీవుల చేతిలో ఓడిన గ్రీస్ నుంచి 2014లో గెంటేస్తే, 2016లో లెస్టర్‌తో ఇంగ్లండ్ ఛాంపియన్ అయ్యాడు, తొమ్మిది నెలలకు మళ్లీ ఉద్యోగం పోయింది. మూడుసార్లూ అదే మనిషి, అదే మంచితనం.

కంఠీరవ_గ్యాలరీ | మంగళవారం రాత్రి 10:30

అందరికీ ధన్యవాదాలు. పట్టిక తిరగరాశాను. క్లఫ్ పేరు చెరిపి "క్లఫ్, టేలర్" అని రాశాను. సిమియోనేను చేర్చాను. రహీం సాబ్‌ను అందరికన్నా పైన పెట్టాను, మాస్టారు ఒప్పుకోకపోయినా. మౌరీన్యోకు "మొదటి రెండేళ్లు" అని పక్కన రాశాను. గ్రెగరీ పేరు చూస్తే ఇంకా కడుపు మండుతోంది కాబట్టి రాయలేదు.

ఆంచెలొట్టి దగ్గర మళ్లీ ఆగాను. ఎవర్టన్ ప్రశ్నకు ఇవాళ జవాబు దొరికిందనుకున్నాను. ఆ జట్టులో ఆయనకు తగిన పని లేదు. తలపొగరున్న పదిమంది మేటి ఆటగాళ్లు ఒకరినొకరు తినేయకుండా చూడటం ఆయన పని, అలాంటి జట్టు లేని చోట ఆ విద్యకు గిరాకీ లేదు. ఇదే మాట వంటింట్లో మా గుంటూరు వాడికి చెప్పాను. ఇవాళ వంట వాడిది. వాడు వంకాయలు కోస్తూ అంతా విన్నాడు.

"మా మామయ్య పెళ్లిళ్లలో వడ్డన చూసుకుంటాడు. నలుగురు వియ్యంకులను ఒకే బంతిలో కూర్చోబెట్టి, గొడవ రాకుండా లేపుతాడు. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే కదా" అన్నాడు.

ఒక్క_లైను | మంగళవారం రాత్రి 10:34

నంబరు ఇంకా రాలేదు.